పేరు లాకెట్, నల్లపూసలు, పగడం గొలుసు: మూడూ కలిపి వేసుకునేదెలా?

బెల్లందూరు_భార్గవి
నా మెడలో రోజూ షార్ట్ నల్లపూసలు ఉంటాయి, 18 అంగుళాలు. పెళ్లికి ముందు నుంచి ఉన్న సన్న గొలుసు ఇంకొకటి ఉంది, దానికి చిన్న పగడం లాకెట్. ఇప్పుడు మా ఆయన పాప పేరుతో తెలుగు అక్షరాల లాకెట్ చేయిద్దామంటున్నారు. మూడూ కలిపి వేసుకోవాలని నాకు చాలా కోరికగా ఉంది. కానీ ఉన్న రెండు వేసుకుంటేనే సాయంత్రానికి పేనుకుపోతున్నాయి. ఆఫీసుకి కుర్తీలు, పైగా ఐడీ కార్డు తాడు. పండగలకి చీర. ఏది పైన ఉండాలి, ఏది కింద? ఎన్ని అంగుళాలు? పేరు కట్ చేయించాలా, బిళ్ల మీద చెక్కించాలా?
పాప పేరు హర్షిత. ఒక షోరూంలో కంప్యూటర్‌లో డిజైన్ చూపిస్తే ష వత్తు లేదు. "లోకల్ లాంగ్వేజ్ ఇలాగే వస్తుంది మేడమ్" అన్నారు. లేచి వచ్చేశాం.

కోలారు_కావ్య
వత్తు పోతే హర్షిత కాస్తా హరిత అయిపోతుంది కదా! లేచి రావడమే సరైన పని. పక్కింటి పిల్ల పేరు మీరెందుకు మెడలో వేసుకోవాలి.

సత్య_వైట్‌ఫీల్డ్
బిళ్ల మీద చెక్కించండి, గొడవ ఉండదు. లేజర్‌తో ఏ లిపి అయినా వస్తుంది.

కంసాలి_ఇంటబ్బాయి
మా నాన్నగారు బెంగళూరులో నగల పనివాళ్లుండే నగరత్‌పేటలో పని చేస్తారు, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పేరు కట్ చేయడమంటే ఒకే రేకులో అక్షరాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉండాలి. ఇంగ్లీషు కలిపిరాతలో అది సులువు. తెలుగులో వత్తు కింద విడిగా ఉంటుంది. ప, స, హ లాంటి వాటికి చాలా ఫాంట్లలో తలకట్టు కూడా అక్షరానికి తగలకుండా పైన నిలబడుతుంది. సున్నా సరేసరి, పక్కన ఒంటరిగా ఉంటుంది. థ లోపలి చుక్క అయితే కోయగానే ఊడి కింద పడుతుంది. అందుకే కంప్యూటర్ ఫాంటుని యథాతథంగా మెషీన్‌కి ఇచ్చేస్తే కుదరదు. తెలుగు రాని కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుంటే, అతకని ముక్కని తీసేస్తాడు. మీకు జరిగింది బహుశా అదే.

హర్షితలో మూడు చోట్ల పని ఉంది. హ తలకట్టుని కొద్దిగా కిందికి లాగి అక్షరానికి కలపాలి. ష వత్తుని రి అడుగుకి ఆనించాలి. మూడు అక్షరాలనీ పక్కపక్కన తాకించాలి. కొందరు పైన అడ్డంగా ఒక గీత పెట్టి అన్నీ దానికి తగిలిస్తారు. అది చూడ్డానికి హిందీలా అనిపిస్తుంది, నాకు నచ్చదు. చేత్తో రాసిన అక్షరాలే బాగా అతుకుతాయి. ఇంట్లో ఎవరి చేతిరాత గుండ్రంగా ఉంటే వాళ్ల చేత లాకెట్ ఎంత సైజో అంతే రాయించి ఆ కాగితం పట్టుకెళ్లండి. పెద్దగా రాసి తగ్గిస్తే సన్న గీతలు ఇంకా సన్నబడి విరిగిపోతాయి.

ఇంకో మాట. ఇలాంటి కట్ పనికి 22 క్యారెట్ మెత్తన. పల్చటి రేకు అయితే చున్నీకి తట్టుకుని వంగిపోతుంది. 18 క్యారెట్ గట్టిగా నిలబడుతుంది. గొలుసుని మధ్యలో ఒక కొండీకి కాకుండా రెండు చివరలకీ తగిలించమనండి, అప్పుడు పేరు తిరగబడదు.

రాజాజీనగర్_పెద్దమ్మ
18 క్యారెట్ అంటే అందులో ముప్పావు వంతే బంగారం. ఆడపిల్ల పేరుతో చేయిస్తూ అందులో కల్తీ ఎందుకమ్మా? మా రోజుల్లో 22కి తక్కువ ఇంటికి తెచ్చేవాళ్లే కాదు.

కంసాలి_ఇంటబ్బాయి
పెద్దమ్మా, అది కల్తీ కాదు. 22 క్యారెట్‌లో 91.6 శాతం బంగారం ఉంటుంది, 18లో 75 శాతం. మిగతాది రాగి, వెండి లాంటివి, గట్టితనం కోసం కలుపుతారు. దాని మీద 750 అని ముద్ర ఉంటుంది, బిల్లులో ధర కూడా ఆ లెక్కనే వేయాలి. 22 కావాలంటే బిళ్ల మీద చెక్కించుకోవచ్చు, దానికి మెత్తన అడ్డు రాదు.
కానీ ఒకటి ఆలోచించాలి. భార్గవిగారి నల్లపూసలు 22 అయితే, 18 క్యారెట్ అంచు రోజూ దాని మీద రుద్దుకుంటే మెత్తని గొలుసే అరుగుతుంది. కాబట్టి రెంటి మధ్య దూరం ఉండాలి.

లెక్కల_మాస్టారు
అంగుళాల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే నెట్‌లో అందరూ "రెండేసి అంగుళాల తేడా" అని రాసి వదిలేస్తారు. గొలుసు మెడ చుట్టూ తిరుగుతుంది కదా. రెండు అంగుళాలు పొడుగు పెంచితే అటు ఒక అంగుళం, ఇటు ఒక అంగుళం పంచుకుంటుంది. ముందు భాగం కిందికి దిగేది దాదాపు అంగుళమే. అంటే 16, 18 గొలుసుల మధ్య మీకు కనిపించే ఖాళీ సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అందులో లాకెట్ వేలాడాలి, దాని కింద వత్తు వేలాడాలి. ఇక ఖాళీ ఎక్కడుంటుంది? పేనుకోక ఏం చేస్తాయి?
లాకెట్ ఉన్న గొలుసుకీ దాని కింద గొలుసుకీ కనీసం నాలుగు అంగుళాల తేడా పెట్టండి. 16, 20, 24. అప్పుడు ఒక్కోదానికీ మధ్య రెండు అంగుళాల చోటు దొరుకుతుంది.

కోలారు_కావ్య
మాస్టారూ, ఈ లెక్క స్కూల్లో చెప్పి ఉంటే నేను వెనక బెంచీలో కూర్చునేదాన్ని కాదు.

సత్య_వైట్‌ఫీల్డ్
మాస్టారి లెక్క అందరి మెడకీ సరిపోదు. నా మెడ సన్నం, 16 అంగుళాల గొలుసు నాకు ఎముకల కింద దాకా వస్తుంది. మా అక్కకి అదే గొలుసు గొంతుకి పట్టేసినట్టు ఉంటుంది. ముందు దారం చుట్టి చూసుకోవాలి. ఎక్కడ ఆగాలో అక్కడ ముడి వేసి, విప్పి స్కేలు మీద కొలవాలి. షాపుకి ఆ దారమే పట్టుకెళ్లాలి.

లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటాను. అంకె మారుతుంది, తేడా మారదు.

బెల్లందూరు_భార్గవి
అందరికీ థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి పేరు పైన ఉంచాలా, కిందా? నేను పేరు అన్నింటికన్నా కింద, గుండెల దగ్గర ఉండాలనుకున్నాను.

మడివాళ_మాధురి
పైనే ఉంచండి. పేరు లాకెట్ అడ్డంగా పొడుగ్గా ఉంటుంది. గొలుసు పొట్టిగా ఉంటే ముందు భాగం గుండ్రంగా వంగి పేరు బల్లపరుపుగా కూర్చుంటుంది. పొడుగు గొలుసు కింద కోసుగా దిగుతుంది, రెండు చివరలూ పైకి లాగి పేరు మధ్యలో ముడుచుకున్నట్టు అవుతుంది. పొడుగు గొలుసుకి నిలువుగా వేలాడేదే బాగుంటుంది, మీ పగడం లాగా.
ఇంకొకటి, ఎదుటివాళ్లు చదవాల్సింది ఒక్కటే ఉండాలి. పేరు ఉందంటే దాని పక్కన ఇంకో అక్షరం, ఇంకో పుట్టిన తేదీ, ఇంకో హృదయం బొమ్మ వద్దు. మిగతా రెండూ దానికి తోడుగా ఉంటే చాలు. నేను చూసినంతలో లేయర్లు చెడేది గొలుసులు ఎక్కువై కాదు, చెప్పుకునే విషయాలు ఎక్కువై.

పెన్నా_తీరం
మాధురిగారి చివరి ముక్కతో నేను ఏకీభవించను. నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరి మొదటి అక్షరాలూ రెండు చిన్న బిళ్లల మీద చెక్కించి ఒకే గొలుసుకి వేసుకుంటాను. ఒకటి ఉంచి ఒకటి తీయమంటే ఎలా తీస్తాను?

మడివాళ_మాధురి
ఒకే గొలుసుకి రెండు బిళ్లలంటే అది ఒకటే మాట కదండీ, నేను దాన్ని వద్దనలేదు. రెండు గొలుసులు చేసి రెండు పేర్లూ పైనా కిందా పెడితే ఏదీ కనిపించదని నా ఉద్దేశం.

పెన్నా_తీరం
అలా అయితే సరే.

రాజాజీనగర్_పెద్దమ్మ
నేను ఇంకో సంగతి చెప్పాలి. నల్లపూసల్ని మీరంతా ఒక లేయర్ లెక్కన మాట్లాడుతున్నారు. అవి మంగళకరం. వాటి పైన ఇంకో గొలుసు వేసి వాటిని కిందికి నెట్టడం నాకు బాధగా ఉంది. పేరు కింద ఉంటే ఏం పోయింది?

చిత్తూరు_చిన్నది
పెద్దమ్మా, మీ బాధ నాకు అర్థమైంది, మా అత్తయ్య కూడా ఇదే అంటారు. కానీ మన పాత ఫోటోలు చూడండి. మా నాయనమ్మ పెళ్లి ఫోటోలో గొంతుకి ఆనుకుని కంటె, దాని కింద పలకసర్లు, దాని కింద కాసులపేరు, ఆ కింద చంద్రహారం. పుస్తెల తాడు వీటన్నిటి మధ్యలో ఉంది, పైన కాదు. దానికి మర్యాద ఏం తగ్గలేదు. దేని చోటు దానికి ఉంది, ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు. ఇప్పుడు లేయరింగ్ అని కొత్తగా చెప్తున్నది మనవాళ్లు ఎప్పుడో చేశారు.
పేరు చెక్కించుకోవడం కూడా అంతే. పుస్తెలు ఒక్కో ఇంటికి ఒక్కో ఆకారంలో ఉంటాయి. నామాలు ఉండేవి కొన్ని, శివలింగం ఉండేవి కొన్ని, ఉత్త గుండ్రటి బిళ్లలు కొన్ని. చాలా ఇళ్లలో ఒకటి పుట్టింటివాళ్లు, ఒకటి అత్తింటివాళ్లు చేయిస్తారు. మెడ చూసి ఏ ఇంటి పిల్లో చెప్పే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన కోసం మనమే చేయించుకున్న నగ అంటే అంతకన్నా ఏముంది?

రాజాజీనగర్_పెద్దమ్మ
కంటె పైనే ఉండేది, నిజమే. మా అమ్మకీ ఉండేది. సరే, పిల్ల పేరు పైన ఉండనివ్వండి. నల్లపూసలు మాత్రం తీయకండి.

కోలారు_కావ్య
పెద్దమ్మ ఒప్పుకున్నారు! ఈ చర్చని దాచి పెట్టుకుంటున్నాను, మా ఇంట్లో అవసరం పడుతుంది.

సిల్క్‌బోర్డ్_సింధు
స్టైల్ సరే, రోజువారీ సంగతి కూడా చూడండి. నేను స్కూటీ మీద ఆఫీసుకి వెళ్తాను. హెల్మెట్ పట్టీ గడ్డం కింద పొట్టి గొలుసునే పట్టుకుంటుంది, తీసేటప్పుడు లాగేస్తుంది. పేరు లాకెట్‌లో సందులు ఎక్కువ కాబట్టి చున్నీ దారాలు కూడా ఇరుక్కుంటాయి. నేను లాకెట్‌ని డబ్బాలో పెట్టుకెళ్లి ఆఫీసులో వేసుకుంటాను. బండి మీద మూడు గొలుసులు బయటకి కనిపించేలా వెళ్లడం కూడా మంచిది కాదు, లాక్కుపోయేవాళ్లు ఉంటారు. చున్నీ చుట్టేయండి.
ఐడీ కార్డు తాడు మెడలో వద్దే వద్దు. నడుము దగ్గర క్లిప్పు పెట్టుకుని, లాగితే సాగే రీలు దొరుకుతుంది. నా మెడలో సగం చిక్కులు దాంతోనే పోయాయి.

బెల్లందూరు_భార్గవి
సింధు, ఆ రీలు ఐడియా బ్రహ్మాండం. ఈ రోజే ఆర్డర్ పెడతాను.

సత్య_వైట్‌ఫీల్డ్
మూడింటికీ కలిపి వెనక ఒకే కొక్కెం వేయించుకోవచ్చు కదా? మూడు రింగులున్న కొక్కేలు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. గొలుసులు విడివిడిగా నిలబడతాయి.

కంసాలి_ఇంటబ్బాయి
వస్తున్నాయి, పనికొస్తాయి. కానీ అయస్కాంతంతో మూసుకునేవి బంగారానికి వాడకండి. దేనికైనా తట్టుకుంటే తెరుచుకుని మూడూ ఒకేసారి జారిపోతాయి. నొక్కి మూసేవే తీసుకోండి. మూడింటినీ శాశ్వతంగా ఒకే కొక్కేనికి అతికించమని కొందరు అడుగుతారు, నాన్నగారు వద్దనే చెప్తారు. తర్వాత ఒక్క గొలుసు విడిగా వేసుకోవాలంటే మళ్లీ కోయాలి.
చిక్కు పడటానికి అసలు కారణం మూడూ ఒకే రకం సన్న గొలుసులు కావడం. బరువు, అల్లిక వేరు వేరుగా ఉంటే తక్కువ పేనుకుంటాయి. నల్లపూసలు బరువు, పేరుకి సన్న రింగుల గొలుసు, పగడానికి కొంచెం మందపాటి మెలిక గొలుసు. పాములా నున్నగా ఉండే గొలుసు మాత్రం లేయర్లలో వద్దు, ఒకసారి మడత పడితే మళ్లీ తిన్నగా అవ్వదు.

చిత్తూరు_చిన్నది
భార్గవిగారి పగడం గొలుసు ఎలాగూ సన్నమే అన్నారు. దాన్ని మార్చడం కన్నా పొడవు పెంచితే సరిపోదా?

కంసాలి_ఇంటబ్బాయి
సరిపోతుంది. నల్లపూసలకి వెనక రెండు అంగుళాల అదనపు గొలుసు వేస్తే 20 అవుతుంది. పగడం 24కి తీసుకెళ్లాలి. మధ్యలో కొత్త ముక్క అతికించకుండా వెనక కలపమనండి.
పగడం రాయి మెత్తన. బంగారం అంచులు తగిలితే గీతలు పడొచ్చు. ముత్యమూ అంతే. అందుకే పగడం అన్నింటికన్నా కింద, విడిగా ఉండటమే మంచిది. సెంటు, లోషన్ రాసుకున్నాక ఆరనిచ్చి వేసుకోండి.

పెన్నా_తీరం
పగడం బదులు పాప పుట్టిన నెల రాయి పెడితే? సెప్టెంబర్ అయితే నీలం.

రాజాజీనగర్_పెద్దమ్మ
నీలం ఎవరినీ అడక్కుండా పెట్టకండి తల్లీ! అది శని రాయి.

చిత్తూరు_చిన్నది
రెండు పద్ధతులు కలిసిపోతున్నాయి. నెలకో రాయి అనే ఇప్పటి జాబితాని 1912లో అమెరికా నగల వ్యాపారుల సంఘం ఖాయం చేసింది. మనది గ్రహాల లెక్క. కెంపు సూర్యుడికి, ముత్యం చంద్రుడికి, పగడం కుజుడికి, పచ్చ బుధుడికి, అలా. ఒకదాని ప్రకారం జూన్‌లో పుట్టినవాళ్లకి ముత్యం, ఇంకోదాని ప్రకారం జాతకం చూడాలి. ఇంట్లో నమ్మకం ఉంటే ముందు పెద్దవాళ్లని అడిగి తర్వాత రాయి కొనండి. కొన్నాక గొడవ పడితే ఆ నగ బీరువాలోనే ఉండిపోతుంది.

బెల్లందూరు_భార్గవి
పగడం మా నాన్న ఇచ్చింది, అది మార్చను. రాయి వద్దు.

మడివాళ_మాధురి
మంచి నిర్ణయం. కుర్తీ మెడ గురించి ఎవరూ చెప్పలేదు. వి మెడ అయితే 16 పేరు, 20 నల్లపూసలు రెండూ ఖాళీ చర్మం మీద చక్కగా కనిపిస్తాయి. పగడం బట్ట మీద పడుతుంది, ముదురు రంగు బట్టయితే బాగుంటుంది. కాలర్ ఉన్న కుర్తీకి పేరు లోపల దాక్కుంటుంది, ఆ రోజు పేరు తీసేసి మిగతా రెండూ వేసుకోండి. బోట్ నెక్‌కి పేరు సరిగ్గా అంచు మీద కూర్చుని లేస్తూ పడుతూ ఉంటుంది, వద్దు.
పట్టు చీరకి పగడం గొలుసు వద్దు. పేరు, నల్లపూసలు, ఒక పెద్ద హారం. చీర బార్డరే ఒక నగ, దానికి పోటీ పెట్టకూడదు.

సిల్క్‌బోర్డ్_సింధు
బంగారంతో చేయించే ముందు నకలు వేసి చూడండి. చిక్‌పేట దగ్గర రాజా మార్కెట్‌లో పూసలు, గొలుసులు, కొక్కేలు అన్నీ దొరుకుతాయి. మా అమ్మ బందరు వెళ్తే చిలకలపూడి రోల్డ్ గోల్డ్ తెస్తుంది, అది ఇంకా బాగుంటుంది. 16, 20, 24 కొలతల్లో వేసుకుని ఆఫీసుకి కొన్నాళ్లు తిరగండి. ఎక్కడ పేనుకుంటుందో తెలిసిపోతుంది. ఒంటికి దురద వచ్చే వాళ్లయితే జాగ్రత్త, నకలు నగల్లో నికెల్ ఉండొచ్చు.

లెక్కల_మాస్టారు
పేనుకుంటే విప్పడం కూడా చెప్తాను, మా ఇంట్లో ఆ డ్యూటీ నాదే. తెల్లటి గుడ్డ మీద పరిచి, కొక్కేలన్నీ తీసి, ముడి మీద కొబ్బరి నూనె చుక్క వేసి రెండు గుండుసూదులతో ముడి మధ్యలోంచి వదులు చేయాలి. చివరలు లాగకూడదు. తర్వాత గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడగాలి. పగడం, ముత్యం ఉన్నవి నానబెట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఊరెళ్లేటప్పుడు ఒక్కో గొలుసుని ఒక్కో స్ట్రాలోంచి దూర్చి కొక్కెం పెట్టేయండి.

బెల్లందూరు_భార్గవి
మా అత్తగారి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ఆవిడ చేతే రాయిస్తున్నాను. అడిగితే చాలా సంబరపడ్డారు. శనివారం నగరత్‌పేట వెళ్తాం. మజూరీ, తరుగు ఎలా అడగాలి?

కంసాలి_ఇంటబ్బాయి
మూడూ విడివిడిగా రాయమనండి: బంగారం బరువు, తరుగు ఎంత శాతం, మజూరీ ఎంత. కట్ పనిలో మధ్యలో కోసిన ముక్కలు వాళ్ల దగ్గరే ఉంటాయి. కాబట్టి తరుగు మామూలు గొలుసు కన్నా ఎక్కువ అడిగితే, ఆ ముక్కల లెక్క అడగండి. మొత్తం మీద 3 శాతం జీఎస్‌టీ పడుతుంది. పేరు నగ వెనక్కి ఇస్తే ఎవరూ పేరుకి ధర కట్టరు, కరిగించే బంగారానికే కడతారు. అందుకే మజూరీ తగ్గించుకోవడం ముఖ్యం. కోసే ముందు కాగితం మీద తుది గీత చూపించమని, దాని మీద మీ సంతకం తర్వాతే కోయమని చెప్పండి. వత్తు ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి.

పెన్నా_తీరం
నా బిళ్లల మీద హాల్‌మార్క్ లేదు. అడిగితే చిన్నవాటికి అక్కర్లేదన్నారు. నిజమేనా?

కంసాలి_ఇంటబ్బాయి
2 గ్రాముల లోపు వాటికి తప్పనిసరి కాదు, ఆ మాట నిజమే. అలాంటప్పుడు ఎన్ని క్యారెట్లో బిల్లు మీద రాయించుకోవాలి. 2 గ్రాములు దాటితే బీఐఎస్ (దేశంలో వస్తువుల ప్రమాణాలు చూసే సంస్థ) గుర్తు, 916 లేదా 750 అంకె, ఆ నగకే ప్రత్యేకంగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ మూడూ ఉండాలి. ఆ ఆరూ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ రకం, స్వచ్ఛత వస్తాయి. షాపులో కూర్చునే చూసుకోండి. భార్గవిగారూ, మీ లాకెట్ 2 గ్రాములకి కొంచెం పైన ఉండేలా చేయించండి. రేకు కూడా గట్టిగా ఉంటుంది.

పెన్నా_తీరం
బిల్లు వెతుకుతున్నాను. రాసే ఉంది, 22 క్యారెట్ అని.